ఇరుక్కుపోయిన సీడీ

మా అక్క కొడుకు డల్లస్ నుంచి సెలవులకు వచ్చినప్పుడు నాకో కానుక తెచ్చాడు. వస్తువేం కాదు, ఫోన్లో ఒక ప్లేలిస్టు. "పిన్నీ, నువ్వెప్పుడూ చెబుతుంటావు కదా, ఆ లుసిండా విలియమ్స్ ఆల్బం, అందులో బావున్నవి ఆరు ఏరాను. మిగతా ఆడ కంట్రీ సింగర్లవి కూడా కలిపి మొత్తం నలభై. షఫుల్ పెట్టుకో, బోరు కొట్టదు," అన్నాడు. వాడి ప్రేమకు ముచ్చటేసింది. రెండు రోజులు వంట చేసుకుంటూ విన్నాను. మూడో రోజుకి ఒళ్ళు మండింది.

పాటల్లో తప్పు లేదు. అన్నీ మంచివే. కానీ పులిహోరలో జీడిపప్పులు మాత్రం ఏరి గిన్నెలో పోసిచ్చినట్టుంది. వాడిమీద కోపం చల్లారాక కూర్చుని ఆలోచిస్తే, నాకు ఇన్నేళ్ళుగా ఒక అభిప్రాయం ఉందని, దాన్ని ఎప్పుడూ బయటికి చెప్పుకోలేదని తెలిసింది. ఆడవాళ్ళ కంట్రీ పాటల్ని, అంటే అమెరికా పల్లెపట్టు సంగీతాన్ని, దానికి దగ్గరి చుట్టమైన అమెరికానా అంటున్నవాటిని కూడా, ఆల్బంగా వినాలి. మొదటి పాట నుంచి చివరి పాట దాకా, వాళ్ళు పేర్చిన వరుసలోనే. ఏ ఆల్బమైనా అంతేగా అంటారేమో. వీటి సంగతి వేరు. వీటికి వేరే కారణం ఉంది, దాని పేరు రేడియో. నా వాదంలో చిల్లులున్నాయని నాకూ తెలుసు. వాటి దగ్గరికీ వస్తాను.

బెంటన్‌విల్‌లో పాత కారు

2012లో పెళ్ళయి ఆర్కన్సా రాష్ట్రంలో బెంటన్‌విల్ వెళ్ళాను. వాల్‌మార్ట్ హెడ్డాఫీసు ఉన్న ఊరు కాబట్టి మనవాళ్ళకి కొదవలేదు. వినాయకచవితికి పత్రి తప్ప అన్నీ దొరికేవి. నా పాస్‌పోర్టులో మాత్రం హెచ్-4 ముద్ర, ఉద్యోగానికి వెళ్ళినవాళ్ళ భార్యకో భర్తకో ఇచ్చే వీసా. ఉద్యోగం చెయ్యకూడదు. బాపట్లలో మూడేళ్ళు పాఠాలు చెప్పిన దాన్ని, అక్కడ పగలంతా కిటికీ పక్కన కూర్చునేదాన్ని. ఇది చూడలేక మా ఆయన ఒక పాత కారు కొని, డ్రైవింగ్ నేర్చుకోమన్నారు.

ఊరి లైబ్రరీలో పాత సీడీలు పాతిక సెంట్లకు ఒకటి చొప్పున అమ్ముతుంటే నాలుగు తెచ్చాను. అందులో ఒకటి 1998లో వచ్చిన లుసిండా విలియమ్స్ ఆల్బం, 'కార్ వీల్స్ ఆన్ ఎ గ్రావెల్ రోడ్'. కంకర రోడ్డు మీద కారు చక్రాలు. మా ఊరికీ నా చిన్నప్పుడు కంకర రోడ్డే, అందుకే తీసుకున్నాను. ఆమె ఎవరో, ఏమిటో తెలీదు. కారులో పెట్టిన మూడో రోజు ఆ సీడీ ఇరుక్కుపోయింది. బయటికి రమ్మని బటన్ నొక్కితే లోపల గుర్రుమని మూలుగుతుంది, రాదు. మెకానిక్ నడిగితే డ్యాష్‌బోర్డు విప్పాలన్నాడు. ఆ ఖర్చు వింటే కారే వద్దనిపించింది. "పాడుతోందిగా, ఉండనీ," అన్నారు మా ఆయన.

అలా మూడేళ్ళు ఉండిపోయింది. కారు ఆపినచోట ఆగేది, మళ్ళీ స్టార్ట్ చేస్తే అక్కణ్ణించే అందుకునేది. ఇంటి నుంచి కూరగాయల కొట్టుకి పదకొండు నిమిషాలు, అంటే రెండు పాటలూ ఇంకో ముక్క. సోమవారం రెండూ మూడూ అయితే, బుధవారం లైబ్రరీకి వెళ్ళేటప్పుడు నాలుగూ ఐదూ. పదమూడు పాటలు ఒక చుట్టు తిరగడానికి ఒక వారం. వారానికోసారి వచ్చే సీరియల్ లాగా.

మొదట్లో నచ్చలేదు, అబద్ధమెందుకు. నోట్లో కిళ్ళీ పెట్టుకుని పాడినట్టుంటుంది ఆవిడ గొంతు. మాటల చివర్లు మింగేస్తుంది. సుశీలమ్మ గొంతు విని పెరిగిన చెవికి అది పాటలాగే అనిపించలేదు. నెలా రెణ్ణెల్లకి మాటలు విడివడటం మొదలైంది. మాటలకంటే ముందు ఊర్లు వినబడ్డాయి. మేకన్, లేక్ చార్ల్స్, గ్రీన్‌విల్, వెస్ట్ మెంఫిస్, స్లైడెల్, జాక్సన్. వెస్ట్ మెంఫిస్ మా రాష్ట్రంలోదే, ఐ-40 మీద బోర్డు చూశాను కూడా. తన సంతోషాన్ని ఎవడో పట్టుకుపోయాడట. దాన్ని వెతుక్కుంటూ ఆ ఊరికి వెళతానంటుంది ఆ పాటలో. ఆ బోర్డు చూసినప్పుడు కారులో నేనూ మా ఆయనా ఉన్నాం. నేనొక్కదాన్నే నవ్వుకున్నాను.

నన్ను పూర్తిగా లొంగదీసింది ఆరో పాట, 'లేక్ చార్ల్స్'. పోయిన ఒక మనిషి గురించి. అతను పుట్టింది టెక్సస్‌లోని నాకడోచిస్‌లో. కానీ అందరికీ తనది లూసియానాలోని లేక్ చార్ల్స్ అని చెప్పుకునేవాడు. పాటలో ఆవిడ ఇది తప్పుపట్టదు, వెక్కిరించదు. అలా చెప్పుకోవడం అతనికి ఇష్టం అంటుంది, అంతే. లుసిండా పుట్టింది లేక్ చార్ల్స్‌లోనే, 1953లో. ఇది తెలిశాక పాట ఇంకాస్త లోతుకు దిగింది. తన ఊరిని తనదని చెప్పుకున్నవాడి గురించి పాడుతోంది. నేను కలిసిన తెలుగువాళ్ళలో సగం మంది "మాది విజయవాడే" అంటారు. తీరా కూర్చోబెట్టి అడిగితే నూజివీడు దగ్గర ఒకరు, గన్నవరం దాటాక ఒకరు, అవనిగడ్డ ఒకరు. నేను మాత్రం? బాపట్ల అంటాను. మా ఊరు బాపట్ల నుంచి పద్నాలుగు కిలోమీటర్లు.

ఇక చివరి పాట, 'జాక్సన్'. ఆమె కారులో వెళ్ళిపోతూ ఉంటుంది. జాక్సన్ చేరేసరికి నువ్వు అంతగా గుర్తుకురావులే అంటుంది. లాఫయెట్ చేరితే అసలు పట్టించుకోను, బాటన్ రూజ్ చేరితే ఒక్క కన్నీటి బొట్టు రాల్చను. ఊరు మారినప్పుడల్లా అదే మాట. ఇంతకుముందు పన్నెండు పాటల్లో ఆ మనిషి వెంట తిరిగొచ్చిన మనకు, ఆమె అబద్ధమాడుతోందని తెలుసు. ఆమెకూ తెలుసు. పాటలో ఆ మాట ఎక్కడా లేదు, ముందు పాటల బరువే దాన్ని చెబుతుంది. మావాడి ప్లేలిస్టులో 'జాక్సన్' రెండో పాట. రెండో పాటగా వింటే అది బస్సులో పోతూ ఊళ్ళ పేర్లు చదువుకునే అమ్మాయి పాట, అంతే.

టమాటాల సంగతి

2015 మే నెలాఖర్లో రెండు వార్తలు ఒకేసారి వచ్చాయి. ఒకటి, హెచ్-4 మీద ఉన్నవాళ్ళలో కొందరికి పని చేసుకునే అనుమతి. మా ఆయన గ్రీన్‌కార్డు కాగితాలు ఇంకా ఆ మెట్టు ఎక్కలేదు, కాబట్టి నాకు లేదు. రెండోది కంట్రీ రేడియో స్టేషన్లకు సలహాలిచ్చే కీత్ హిల్ అనే ఆయన ఒక వృత్తి పత్రికతో అన్న మాట. రేటింగులు కావాలంటే ఆడవాళ్ళ పాటలు తగ్గించమన్నాడు. సలాడ్‌లో లెట్యూస్ ఆకులు ల్యూక్ బ్రయన్, బ్లేక్ షెల్టన్, కీత్ అర్బన్ లాంటి మగ గాయకులట. ఆడవాళ్ళు అక్కడక్కడా వేసే టమాటా ముక్కలట. సలాడ్ సంగతి నాకు తెలీదు. మా ఇంట్లో టమాటా లేకపోతే ఆ పూట పప్పూ లేదు, చారూ లేదు.

ఆ మాట మీద పెద్ద గొడవే అయింది, కానీ ఆయన కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. ఇద్దరు ఆడవాళ్ళ పాటలు వెంటవెంటనే వెయ్యకూడదన్న నియమం కంట్రీ స్టేషన్లలో ఎప్పట్నుంచో ఉంది. 2020 జనవరిలో మిషిగన్ స్టేషన్ ఒకటి ఈ సంగతి ట్విట్టర్‌లో మామూలుగా అనేస్తే మళ్ళీ గొడవ లేచింది. దాని తర్వాతే సీఎంటీ అనే టీవీ ఛానల్, ఇకనుంచి తాము ఆడామగా వీడియోలు సగం సగం వేస్తామని ప్రకటించింది.

నా వాదం ఇక్కడ మొదలవుతుంది. రేడియోకి పాట ఇవ్వాలంటే మూడు నిమిషాల్లో కొట్టొచ్చినట్టుండాలి, పక్కన ట్రక్కు కంపెనీ ప్రకటన ఉన్నా నిలబడాలి. ఆ తలుపు ఎలాగూ తెరుచుకోదని తెలిసినవాళ్ళు ఏం చేస్తారు? ఆల్బంలోనే ఇల్లు కట్టుకుంటారు. నిదానంగా, గదులు గదులుగా. ఒక పాటలో చెప్పి వదిలేసిన మాటని ఐదు పాటల తర్వాత అందుకుంటారు. కేసీ మస్‌గ్రేవ్స్ 'గోల్డెన్ అవర్' 2018లో వచ్చింది. కంట్రీ రేడియో దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. మరుసటేడు గ్రామీల్లో మొత్తం సంవత్సరానికే ఉత్తమ ఆల్బం అయింది. ఎమిలూ హారిస్ 1995లో 'రెకింగ్ బాల్' చేసేనాటికి ఇరవయ్యేళ్ళ కెరీర్ ఉంది, రేడియో ఆమెను మర్చిపోతోంది. అప్పుడు కెనడాలో పుట్టిన నిర్మాత డేనియల్ లన్వాతో కలిసి, పొగమంచులో పాడినట్టుండే ఆ ఆల్బం చేసింది. రేడియో కోసం చేసి ఉంటే అది పుట్టేది కాదు. మార్గో ప్రైస్ అయితే పెళ్ళి ఉంగరం తాకట్టు పెట్టి, కారు అమ్మి, మెంఫిస్‌లో సన్ స్టూడియో గంటలకు డబ్బు కట్టింది. 2016లో వచ్చిన 'మిడ్‌వెస్ట్ ఫార్మర్స్ డాటర్' అలా తయారైందే. మొదటి పాటే ఆరు నిమిషాలు, తన కథంతా దాంట్లోనే. ఏ స్టేషన్ వేస్తుంది దాన్ని?

లుసిండా సంగతే తీసుకోండి. ఎనభైల్లో లాస్ ఏంజెలిస్ కంపెనీలు ఈమెది మరీ కంట్రీ అన్నాయి, కంట్రీ పాటలకి రాజధాని అయిన నాష్‌విల్ కంపెనీలు మరీ రాక్ అన్నాయి. చివరికి 1988లో ఆమె రికార్డు వేసింది రఫ్ ట్రేడ్, బ్రిటన్‌లో పంక్ పాటలు అమ్ముకునే కంపెనీ. అందులో 'ప్యాషనేట్ కిసెస్' అని ఒక పాట. ఐదేళ్ళకి మేరీ చాపిన్ కార్పెంటర్ దాన్నే పాడితే రేడియోలో మారుమోగింది, రాసినావిడగా లుసిండాకి 1994లో గ్రామీ వచ్చింది. పాట అదే, మాటలూ అవే. గొంతు నున్నగా ఉందా లేదా అన్నదే తేడా.

'కార్ వీల్స్' చెయ్యడానికి ఆమెకు మూడు ఊళ్ళు, ఒకరి తర్వాత ఒకరు నిర్మాతలు పట్టారు. ఆస్టిన్‌లో మొదలుపెట్టి, నచ్చక, నాష్‌విల్‌లో మళ్ళీ చేసి, లాస్ ఏంజెలిస్‌లో పూర్తిచేసింది. దీనికి ముందు ఆల్బం 1992లోది. ఆరేళ్ళు. చాదస్తం అన్నారు, సణుగుడు అన్నారు. ఒక మగాయన అలా చేస్తే ఏమంటారో మీకు తెలుసు.

ఇక చిల్లులు

పైదంతా చదివి "మరి పాతతరం కంట్రీ గాయని లొరెట్టా లిన్ సంగతేంటి?" అని అడిగేవాళ్ళుంటారు. అడగాలి కూడా.

'కార్ వీల్స్' రెండో పాటలో ఒక వంటిల్లుంది. కాఫీ వాసన, గుడ్లు వేగుతున్న వాసన. రేడియోలో లొరెట్టా పాడుతూ ఉంటుంది. అంటే నా వాదాన్ని నా ప్రియమైన ఆల్బమే రెండో పాటలో కొట్టిపారేస్తోంది. ఒకప్పుడు ఆడమనిషి గొంతు రేడియోలోంచే వంటింట్లోకి వచ్చింది. ఆ వంటింట్లోని పసిపిల్లే పెరిగి ఈ ఆల్బం చేసింది.

నిజమే. 1952లో కిటీ వెల్స్ పాట, బార్లలో ఆడవాళ్ళు చెడిపోయారని ఏడ్చిన ఒక మగవాడి పాటకు జవాబు. పెళ్ళయినా కానట్టు తిరిగే మొగుళ్ళదే ఆ పాపమంది. ఎన్‌బీసీ రేడియో నిషేధించింది, నాష్‌విల్‌లో పేరున్న కంట్రీ వేదిక గ్రాండ్ ఓల్ ఆప్రీ మొదట పాడనివ్వలేదు. అయినా బిల్‌బోర్డ్ కంట్రీ పట్టికలో మొదటి స్థానానికి ఎక్కింది. ఒంటరిగా పాడిన ఆడమనిషికి అది మొదటిసారి. ఆ రికార్డింగుకి వచ్చే 125 డాలర్ల కూలి కోసం వచ్చానని ఆవిడ చెప్పుకుంది. లొరెట్టా 1960లో తన మొదటి రికార్డుతో మొగుడితో కలిసి కారులో ఊరూరా స్టేషన్ల చుట్టూ తిరిగింది, వెయ్యమని అడుగుతూ. 1975లో గర్భనిరోధక మాత్రల మీద పాడిన 'ద పిల్' బయటికి వస్తే చాలా స్టేషన్లు వెయ్యం పొమ్మన్నాయి. అయినా కంట్రీ పట్టికలో ఐదో స్థానం.

ఇంకా పెద్ద చిల్లు బాబీ జెంట్రీ అనే గాయని. 1967 'ఓడ్ టు బిలీ జో' నాలుగు నిమిషాలు దాటిన పాట. అసలు రికార్డుకి వెనకవైపు వేశారు దాన్ని. డీజేలు తిప్పి వేశారు. నాలుగు వారాలు అమెరికా మొత్తంలో మొదటి స్థానం. వినని వాళ్ళకోసం చెబుతున్నాను. మిసిసిపీ పల్లె, మధ్యాహ్నం భోజనం. పొలం నుంచి వచ్చి కాళ్ళు తుడుచుకుని కూర్చున్నారు. బిలీ జో అనే కుర్రాడు టాలహాచీ వంతెన మీంచి దూకాడని అమ్మ కబురు చెబుతుంది. నాన్న బొబ్బర్లు అందిస్తూ, వాడికి ముందు నుంచీ బుద్ధి లేదులే, బిస్కెట్లు ఇలా ఇవ్వు అంటాడు. ఇంకో ఐదెకరాలు దున్నాలంటాడు. అన్నకి ఇంకో ముక్క పై కావాలి. అందరూ తింటూనే ఉంటారు. అప్పుడు అమ్మ కూతురివంక చూసి, పొద్దుట్నుంచి వండానే, ఒక్క ముద్ద కూడా ముట్టలేదేమే అంటుంది. అంతే. ఆ పిల్లకీ వాడికీ ఏమిటో, వంతెన మీంచి ఇద్దరూ ఏం విసిరారో, చెప్పదు. కథలు రాయాలనుకునేవాళ్ళు ఆ భోజనం బల్ల ముందు ఒక నెల కూర్చోవాలి.

మరి ఇదంతా రేడియోలోనే కదా వచ్చింది? దీనికి నేను చెప్పుకునే సమాధానం: అది వేరే రేడియో. డీజే రికార్డు తిప్పి వెనకవైపు వేసుకోగలిగిన రోజులు. లొరెట్టా వెళ్ళి తలుపు కొడితే లోపల నిర్ణయం తీసుకునే మనిషి ఉన్న రోజులు. 1996లో వచ్చిన టెలికమ్యూనికేషన్ల చట్టం, ఒక కంపెనీ దేశం మొత్తంలో ఇన్ని స్టేషన్లే ఉంచుకోవాలన్న హద్దు ఎత్తేసింది. కొద్ది ఏళ్ళలో వందల స్టేషన్లు ఒక్కో కంపెనీ చేతికి పోయాయి, పాటల పట్టిక ఎక్కడో ఒకచోట తయారవడం మొదలైంది. 2003 మార్చిలో లండన్ వేదిక మీద డిక్సీ చిక్స్ అనే ముగ్గురు ఆడవాళ్ళ కంట్రీ బృందం గాయని, మా టెక్సస్ నుంచి వచ్చిన అధ్యక్షుణ్ణి చూసి సిగ్గుపడుతున్నామంది. ఇరాక్ యుద్ధానికి పది రోజుల ముందు. అప్పటిదాకా దేశమంతా వినబడుతున్న ఆ ముగ్గురి పాటలు రోజుల్లో మాయమయ్యాయి. పాతకాలం డీజే ఒకడికి కోపమొస్తే ఒక ఊరికే తెలిసేది.

ఇదీ పూర్తిగా అతకదు. షనాయా ట్వెయిన్ 'కమ్ ఆన్ ఓవర్' 1997లోది, చట్టం వచ్చిన తర్వాతదే. పదహారు పాటల్లో పన్నెండు సింగిల్స్‌గా విడుదలయ్యాయి. ప్రపంచమంతా కొన్నది. రేడియో ఆడమనిషిని నెత్తిన పెట్టుకుంది. నేనూ ఆ పాటలకి చిందులేశాను, దాచుకోను. అయితే ఆ పదహారింటి వరుస ఏమిటని అడిగితే నాకు గుర్తులేదు, ఎటు మార్చినా తేడా రాదు. ఇది షనాయా తప్పా, నా అభిప్రాయానికి అనుకూలంగా నేను లెక్కలు సర్దుకుంటున్నానా? రెండోదేనేమో. రాసుకుంటూ పోతున్నాను కాబట్టి అలాగే వదిలేస్తున్నాను.

ఎవరి ఊరు, ఎవరి పాట

రెండో అనుమానం నా గురించే. చిన్న ఊళ్ళు, అప్పులు, తాగుడు మొగుళ్ళు. ఇవన్నీ ఎక్కడో బాపట్ల పిల్ల ఆర్కన్సాలో ఏసీ కారులో వింటూ ఆహా అనుకోవడం ఏమిటి? పరాయి కష్టానికి రుచి మరిగానా?

జిలియన్ వెల్చ్ అనే గాయనిని ఇదే ప్రశ్న అడిగారు. పుట్టింది న్యూయార్క్, పెరిగింది లాస్ ఏంజెలిస్, అమ్మానాన్నలు టీవీ షోకి సంగీతం కట్టేవాళ్ళు. ఆమె 1996లో అపలాచియా కొండల గొంతుతో ఆల్బం చేస్తే, నటన అన్నారు కొందరు విమర్శకులు. ఇది విన్నప్పుడు నాకు గుర్తొచ్చింది మన నండూరి సుబ్బారావు. ఏలూరు వకీలు. ఎంకి ఆయన రాసిన ఎంకే, పొలంలో దొరికిన ఎంకి కాదు. ఆ భాష మీదా అప్పుడు గొడవపడ్డారు. ఇప్పుడు ఎంకి అబద్ధమని అనేవాళ్ళు ఎవరున్నారు? వెల్చ్ 2001లో చేసిన 'టైం (ద రెవిలేటర్)' వినండి. రెండు గిటార్లు, ఒకచోట బాంజో, రెండు గొంతులు, డ్రమ్స్ లేవు. చివరి పాట పద్నాలుగు నిమిషాలు దాటుతుంది. పాటలన్నీ ఉచితంగా దోచుకుంటారట, అయినా మేం పాడకుండా ఉండలేమని వాళ్ళకి తెలుసట, అని ఒక పాట. జనం ఇంటర్నెట్‌లో పాటలు ఉచితంగా పంచుకున్న నాప్‌స్టర్ రోజుల్లో రాసింది. నాకు నలభై పాటల ప్లేలిస్టు కానుకగా వచ్చినప్పుడు ఈ పాటా అందులో ఉండటం, మావాడికి తెలియకుండా జరిగిన చమత్కారం.

రియానన్ గిడెన్స్ మాత్రం ఈ ప్రశ్నని ఇంకోవైపు తిప్పింది. నార్త్ కరొలైనా నల్లజాతి గాయని, బాంజో వాయిస్తుంది. బాంజో ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ళతో వచ్చిన వాద్యం. 1920ల్లో రికార్డు కంపెనీలు తెల్లవాళ్ళ పాటలకి హిల్‌బిల్లీ అని, నల్లవాళ్ళవాటికి రేస్ రికార్డులని వేర్వేరు పేర్లు పెట్టి అమ్ముకున్నాయి. అంతకుముందు ఇరుగుపొరుగున కలిసి వాయించుకున్నవాళ్ళ సంగీతం మధ్య అలా గోడ లేచింది. 2017లో వచ్చిన ఆమె ఆల్బం 'ఫ్రీడం హైవే' మొదటి పాట ఒక పాత అమ్మకపు ప్రకటన నుంచి పుట్టింది. బానిస యువతి అమ్మకానికి ఉంది, ఆమెకు తొమ్మిది నెలల పాప, ఆ పాపని కూడా తీసుకోవాలా వద్దా అన్నది కొనేవాడి ఇష్టం. పాటలో ఆ తల్లి ఏడవదు. నా ఒళ్ళు తీసుకోవచ్చు, ఎముకలు తీసుకోవచ్చు, ఆత్మ మాత్రం కాదంటుంది. అది విన్న రోజు కూరగాయల కొట్టు పార్కింగులో చాలాసేపు కూర్చుండిపోయాను. ఫోన్లో విన్నాను లెండి, అప్పటికి హైదరాబాద్ వచ్చేశాం.

దీంతో నా అనుమానం తీరిందని చెప్పను. అమెరికానా అన్న పేరే నాకు కొంచెం ఇబ్బంది. ఇంట్లోకి రానివ్వనివాళ్ళకి వేసిన వీధి అరుగు లాంటిది. అరుగు మీద గాలి బావుంటుంది, మంచి కబుర్లూ అక్కడే సాగుతాయి, కానీ తలుపు మూసే ఉంటుంది. 2024లో బియాన్సే కంట్రీ ఆల్బం చేసినప్పుడు ఎవరిది కంట్రీ, ఎవరిది కాదన్న గొడవంతా మళ్ళీ ఆ తలుపు దగ్గరే. ఆ ఆల్బంలో లిండా మార్టెల్ గొంతు వినిపిస్తుంది. 1969లోనే గ్రాండ్ ఓల్ ఆప్రీలో పాడిన నల్లజాతి గాయని, ఒక్క ఆల్బంతో ఆగిపోయింది.

నా మట్టుకు నాకు కొంత ధైర్యమిచ్చింది ఒక యార్డ్ సేల్. శనివారం పూట ఇంటి ముందు పాత సామాను పరుచుకుని కూర్చున్న డెబ్బై ఏళ్ళావిడ. అట్టపెట్టెలో లొరెట్టా ఎల్పీలు ఉన్నాయి. తీసి చూస్తుంటే నా బొట్టూ మంగళసూత్రం గమనించి, పెద్దవాళ్ళు చూసి చేసిన పెళ్ళా అని అడిగింది. అవునన్నాను. "నాదీ అంతే. కాకపోతే మా నాన్న తుపాకీ చేత్తో పట్టుకుని చూశాడు," అని పడీపడీ నవ్వింది. ఆమెకి అప్పుడు పదహారేళ్ళు. లొరెట్టా తనకి పదమూడో ఏట పెళ్ళయిందని చాలాకాలం చెప్పుకుంది, కాగితాలు చూస్తే పదిహేను అని తేలింది. మా నాయనమ్మది పదమూడో పదిహేనో ఆవిడకే తెలీదు. ఎల్పీ వినడానికి మా ఇంట్లో ఏమీ లేదు. అయినా ఒకటి కొన్నాను. రెండు డాలర్లు.

ముప్ఫై మైళ్ళు

లుసిండా తండ్రి మిల్లర్ విలియమ్స్ కవి. 1997లో బిల్ క్లింటన్ రెండోసారి ప్రమాణం చేసినప్పుడు కవిత చదివినాయన ఆయనే. ఆర్కన్సా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పేవారు, ఉండేది ఫయెట్‌విల్‌లో. మా ఇంటి నుంచి ముప్ఫై మైళ్ళ లోపే. దోసెపిండి గ్రైండర్ బాగుచేయించడానికి నేను ఆ ఊరు ఎన్నిసార్లు వెళ్ళానో. ఆయన 2015 జనవరి 1న పోయారు. ఆ వార్త చదివాకే ఆయన అక్కడున్నారని నాకు తెలిసింది.

'కార్ వీల్స్' పేరు పాటలో వెనకసీట్లో ఒక పసిపిల్ల ఉంటుంది, నాలుగైదేళ్ళది. పెద్దవాళ్ళు ముందు కూర్చుని గుసగుసలాడుకుంటారు, ఇల్లు మారుతూ ఉంటారు, కంకర మీద చక్రాల చప్పుడు. పాట విన్నాక తండ్రి లుసిండా దగ్గరికి వచ్చి క్షమించమన్నారట. దేనికని అడిగితే ఆ పిల్లవి నువ్వేగా అన్నారట. అప్పటిదాకా తనకి ఆ సంగతే తోచలేదని లుసిండా చెప్పింది. రాసినావిడకే తెలియనిది, విన్నాయనకి తెలిసింది. నేను మూడేళ్ళు ఆ వెనకసీటు పాట వింటూ కారు నడిపాను, నా పక్కసీట్లో అప్పుడు ఎవరూ లేరు. ఆ తర్వాత మా పాప పుట్టింది, వెనకసీట్లో చైల్డ్ సీటు వచ్చింది. ఆ పాట రాగానే నా చెయ్యి వాల్యూం బటన్ మీదకి పోయేది, తగ్గించడానికి. ఎందుకో అప్పుడు తెలీదు.

2016లో హైదరాబాద్ వచ్చేద్దామనుకున్నప్పుడు కారు అమ్మకానికి పెట్టాం. కొనడానికి వచ్చింది ఇరవయ్యేళ్ళ కుర్రాడు, కొత్తగా వచ్చిన తెలుగు విద్యార్థి. ఊరేదని అడిగితే "విజయవాడక్కా" అన్నాడు. టైర్లు చూశాడు, ఏసీ చూశాడు. సీడీ ఇరుక్కుపోయింది, రాదు, కానీ పాడుతుంది అని ముందే చెప్పాను. తాళం తిప్పాడు. పదో పాట, 'గ్రీన్‌విల్' మధ్యలోంచి అందుకుంది. వెనక ఎమిలూ గొంతు కలిపే చోటు. ఒక్క నిమిషం మర్యాదగా విన్నాడు.

"బావుందక్కా," అని రేడియో నొక్కాడు.